చీర మీద లేని చారలు ఫొటోలోకి ఎలా వచ్చాయి?

ఫోన్ తీసి ఎదురుగా ఉన్న లాప్‌టాప్ స్క్రీన్‌ని ఒక ఫొటో తీయండి. స్క్రీన్ మీద తెల్లటి పేజీ తప్ప ఏమీ లేకపోయినా ఫొటోలో మాత్రం ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో వంకర టింకర చారలు కనిపిస్తాయి. ఫోన్ కాస్త వెనక్కి జరిపితే చారలు మారిపోతాయి. కొంచెం పక్కకి వంచితే అవి కూడా తిరుగుతాయి. స్క్రీన్ పాడైందా? లేదు. కెమెరా పాడైందా? అదీ లేదు. రెండూ శుభ్రంగా పని చేస్తున్నాయి కాబట్టే ఆ చారలు వచ్చాయి.

వీటి పేరు మ్వారే. ఫ్రెంచి మాట. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి మనవాళ్లు మోయిర్, మోయిరే అని కూడా అంటుంటారు, ఎలా పిలిచినా పలుకుతుంది. అసలు ఇది ఒక పట్టుబట్ట పేరు. సన్నటి గీతల నేత ఉన్న పట్టుని రెండు మడతలు వేసి, బరువైన రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే ఒక పొర గీతలు ఇంకో పొర మీద అచ్చు పడి, బట్ట మీద నీటి అలలు కదిలినట్టు మెరుస్తుంది. అక్కడ అది అందం. దానికి జనం డబ్బులిచ్చేవాళ్లు. మన ఫొటోల్లోకి వచ్చేసరికి అదే తలనొప్పి అయింది.

స్క్రీన్ ఫొటో అయితే నవ్వుకుని వదిలేయొచ్చు, స్క్రీన్‌షాట్ తీసుకుంటే పని అయిపోతుంది. చీర మీద వస్తే ఏం చేస్తాం? మా పిన్ని మంగళగిరి చీరలు వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో అమ్ముతుంది. సన్న గళ్ల బూడిద రంగు చీర ఒకటి ఫొటో పెడితే ఒకావిడ మెసేజ్ పెట్టింది, ‘మధ్యలో రంగు కారిందా అండీ? పచ్చగా మరకలున్నాయి’ అని. చీరకి ఏ మరకా లేదు. పిన్ని ఎంత చెప్పినా ‘ఫొటోలో కనిపిస్తోంది కదండీ’ అనే సమాధానం. బేరం పోయింది. మగ్గం మీద రోజుల తరబడి కూర్చుని నేసినవాళ్ల పనితనాన్ని, వాళ్ల చేతిలో లేని ఓ లెక్క పాడు చేసింది. ఆ తర్వాత ఫొటోల బాధ్యత నా నెత్తిన పడింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అంటే ప్రింటర్ నుంచి టీవీ రిమోట్ దాకా అన్నీ బాగు చేస్తాడనే కదా ఇంట్లోవాళ్ల లెక్క!

రెండు దోమతెరల కథ

దోమతెరని రెండు మడతలుగా వేలాడదీసి దాని గుండా లైటు వైపు చూడండి. ఒక్కో పొరలో ఉన్నవి చిన్న చిన్న గళ్లే. కానీ రెండూ ఒకదాని మీద ఒకటి పడేసరికి, ఏ పొరలోనూ లేని పెద్ద పెద్ద అలలు కనిపిస్తాయి. తెర కదిలితే అలలు అంతకంటే చాలా వేగంగా పరిగెడతాయి.

లెక్క చాలా సింపుల్. ఒక కాగితం మీద 10 మిల్లీమీటర్లకో గీత, ఇంకో పారదర్శక కాగితం మీద 11 మిల్లీమీటర్లకో గీత ఉన్నాయనుకుందాం. మొదటి గీతలు రెండూ కలిసేలా పెడితే, రెండో గీతల మధ్య 1 మిల్లీమీటరు తేడా, మూడో గీతల మధ్య 2... అలా తేడా పెరుగుతూ పోయి 110 మిల్లీమీటర్ల దగ్గర మళ్లీ కలుస్తాయి. గీతలు కలిసిన చోట ఖాళీ ఎక్కువ, కాబట్టి తెల్లగా ఉంటుంది. కలవని చోట నల్లబడుతుంది. అంటే రెండు కాగితాల్లోనూ లేని 110 మిల్లీమీటర్ల చార ఒకటి పుట్టింది. రెండు గీతల దూరాలూ ఎంత దగ్గరగా ఉంటే పుట్టే చార అంత పెద్దది.

ఇప్పుడు మొదటి కాగితం స్థానంలో చీర పడుగు పేకల్ని పెట్టండి. రెండో కాగితం స్థానంలో కెమెరా సెన్సర్‌ని పెట్టండి. సెన్సర్ కూడా వరసగా పేర్చిన గళ్లే కదా. అంతే కథ.

ఇంజనీరింగ్‌లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ చదివినవాళ్లకి ఈపాటికి నైక్విస్ట్ గుర్తొచ్చి ఉంటాడు. ఒక చార నిజంగా ఫొటోలోకి రావాలంటే ఆ చారకి రెండు కంటే ఎక్కువ శాంపిళ్లు కావాలి. అంతకంటే తక్కువ ఉంటే ఆ చార మాయమైపోతే బాగానే ఉండేది. మాయం కాదు, వేషం మార్చుకుని ఇంకో పెద్ద చారగా వస్తుంది. సినిమాల్లో కారు ముందుకి వెళ్తుంటే చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించేదీ ఇదే మాయ. అక్కడ శాంపిళ్లు కాలంలో, ఇక్కడ స్థలంలో.

మరి రంగులు ఎక్కడివి?

పిన్ని చీర బూడిద రంగుది. పచ్చ మరకలు ఎలా వచ్చాయి? ఇక్కడ బేయర్ ఫిల్టర్ గురించి చెప్పుకోవాలి. కొడాక్‌లో పని చేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో దీని మీద పేటెంట్ వచ్చింది. సెన్సర్‌లోని గడికి రంగు తెలీదు, వెలుగు ఎంత పడిందో మాత్రమే తెలుసు. అందుకని ఒక్కో గడి మీద ఒక్కో రంగు అద్దం పెట్టారు. ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మిగతా రంగుల్ని పక్క గడులు చూసి సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుంది. అంటే 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో నిజంగా కొలిచిన ఎరుపు 3 మెగాపిక్సెళ్లే, నీలం ఇంకో 3. మిగతాదంతా పక్కింటివాళ్లని అడిగి రాసుకున్న లెక్క!

ఆకుపచ్చ గడులు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఎరుపు నీలం గడులు దూరంగా ఉన్నాయి. కాబట్టి సన్న గళ్ల ముందు ముందుగా తడబడేది ఎరుపు, నీలమే. ఒక చోట ఎరుపు గడులన్నీ తెల్ల నూలు మీద, నీలం గడులన్నీ నల్ల నూలు మీద పడ్డాయనుకోండి, సాఫ్ట్‌వేర్ పాపం ‘ఇక్కడ బట్ట ఎర్రగా ఉంది కాబోలు’ అనుకుంటుంది. కాస్త పక్కకి పోయేసరికి ఉల్టా. అందుకే మ్వారే ఇంద్రధనుస్సులా వస్తుంది.

అంకెల్లో చూద్దాం. 4000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోలో 50 అంగుళాల వెడల్పు చీర పట్టించారనుకోండి. అంగుళానికి 80 పిక్సెళ్లు. చీరలో అంగుళానికి 40 సన్న చారలుంటే ఒక్కో చారకి సరిగ్గా 2 పిక్సెళ్లు, అంటే గోడ మీద పిల్లి. ఎరుపుకి, నీలానికి అయితే చారకి ఒక్క శాంపిలే, అక్కడ పిల్లి ఎప్పుడో పడిపోయింది. అదే దగ్గరికి వెళ్లి 20 అంగుళాలు మాత్రమే పట్టిస్తే అంగుళానికి 200 పిక్సెళ్లు. చారకి 5. ఎరుపు, నీలాలకి కూడా రెండున్నర చొప్పున దొరుకుతాయి. మ్వారేకి చోటు దాదాపు ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో గంటసేపు పోరాడినా రాని ఫలితం, రెండు అడుగులు ముందుకేస్తే వచ్చేసింది.

కెమెరా కంపెనీలకి ఈ సంగతి ఎప్పట్నుంచో తెలుసు. అందుకే చాలా కెమెరాల్లో సెన్సర్ ముందు ఒక పల్చటి స్ఫటికం పలక పెట్టేవాళ్లు. అది ప్రతి వెలుగు చుక్కనీ నాలుగుగా చీల్చి పక్కపక్క గడుల మీద పరుస్తుంది. ఫొటో కొంచెం మెత్తబడుతుంది, మ్వారే తగ్గుతుంది. తమాషా ఏంటంటే 2012లో నికాన్ డి800 అనే 36 మెగాపిక్సెళ్ల కెమెరాతో పాటు డి800ఇ అని ఇంకోటి వచ్చింది. రెండో దాంట్లో ఈ మెత్తబరిచే పని రద్దు చేశారు. ధర అమెరికాలో 300 డాలర్లు ఎక్కువ! షార్ప్‌నెస్ కోసం జనం మ్వారేని కొనుక్కున్నారన్నమాట. ఆ మరుసటి ఏడాది పెంటాక్స్ కె-3 మరీ చిత్రంగా, ఫొటో తీసే క్షణంలో సెన్సర్‌నే అతి కొద్దిగా వణికించి ఆ మెత్తదనం తెచ్చింది. కావాలంటే వణుకు ఆన్, వద్దంటే ఆఫ్. ఫ్యూజీ వాళ్లు బేయర్ గళ్లనే మార్చేసి 6 బై 6 వరసలో ఎక్స్-ట్రాన్స్ అని తెచ్చారు. గళ్ల వరస ఎంత గజిబిజిగా ఉంటే చారలతో అంత తక్కువగా కలుస్తుందని వాళ్ల ఆలోచన.

ముందు 100 శాతం జూమ్ చేయండి

ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు ఒక పని తప్పనిసరి. ఫొటోని 100 శాతానికి జూమ్ చేసి చూడండి. పెద్ద ఫొటోని మీ ఫోన్ స్క్రీన్‌కి సరిపోయేలా కుదించి చూపించేటప్పుడు కూడా మ్వారే పుడుతుంది. జూమ్ చేయగానే చారలు మాయమైతే ఫైలులో తప్పేమీ లేదు, దాన్ని ముట్టుకోకండి. జూమ్ చేసినా ఉంటే అప్పుడు ఎడిటింగ్.

రంగు మ్వారేని తీయడం నిజానికి తేలిక. మన కన్ను వెలుగు నీడల్లో సన్నటి తేడాలు పట్టేస్తుంది కానీ రంగుల్లో అంత సన్నటి తేడాలు పట్టదు. జేపెగ్ ఫైళ్లు కూడా ఈ బలహీనత మీదే బతుకుతున్నాయి. చాలా జేపెగ్‌లలో రంగు సమాచారం అడ్డంగా సగం, నిలువుగా సగం మాత్రమే దాస్తారు, మనం ఎప్పుడైనా గమనించామా? కాబట్టి చీర మీద రంగుని మాత్రం బ్లర్ చేసి, వెలుగు నీడల్ని అలాగే వదిలేస్తే నేత పోదు, పచ్చ మరక పోతుంది.

లైట్‌రూమ్ ఉంటే మాస్కింగ్‌లోకి వెళ్లి బ్రష్ తీసుకుని, డీటెయిల్ కింద ఉన్న మ్వారే స్లయిడర్‌ని కుడివైపు జరపండి. డెస్క్‌టాప్ లైట్‌రూమ్‌లో ఇది 2012లో నాలుగో వెర్షన్‌తోనే వచ్చింది. రా ఫైలు మీద అయితే ఇంకా బాగా పని చేస్తుంది. ఫోన్ కెమెరాలో రా ఆప్షన్ ఉంటే చీరల ఫొటోలకి ఆన్ చేసుకోండి. బ్రష్‌ని మాత్రం చీర మధ్య భాగం దాటనివ్వకండి. జరీ అంచు మీదికి పోతే అంచు రంగు, చీర రంగు ఒకదాంట్లోకి ఒకటి కారిపోతాయి. అప్పుడు ‘రంగు కారిందా అండీ’ అనే ప్రశ్నకి నిజంగానే అవునని చెప్పాల్సి వస్తుంది!

డబ్బులు పెట్టడం ఇష్టం లేకపోతే బ్రౌజర్‌లోనే నడిచే ఫొటోపీ ఉంది. ఫొటో తెరిచి లేయర్‌ని డూప్లికేట్ చేయండి. పై లేయర్‌కి గాసియన్ బ్లర్ వేయండి. ఎంత? చారలు కరిగి రంగు ఒకటే అయ్యేదాకా, నాకు ఎక్కువసార్లు 10 నుంచి 20 పిక్సెళ్లు సరిపోయింది. తర్వాత ఆ లేయర్ బ్లెండ్ మోడ్‌ని ‘కలర్’ అని మార్చండి. ఫొటో మళ్లీ షార్ప్‌గా అయిపోతుంది, ఎందుకంటే ఇప్పుడు పై లేయర్ నుంచి రంగు మాత్రమే వస్తోంది. ఒక మాస్క్ వేసి మరకలున్న చోట మాత్రమే ఉంచి మిగతాది చెరిపేయండి. పైథాన్ తెలిసినవాళ్లకి ఇది పది లైన్ల కోడ్. ఓపెన్‌సీవీతో ల్యాబ్ కలర్‌లోకి మార్చి, ఎల్ చానెల్ ముట్టుకోకుండా మిగతా రెండు చానెళ్లు బ్లర్ చేసి వెనక్కి మార్చడమే.

ఇది కుదరని చోటు కూడా ఉంది. చీరలోనే ఎరుపు, ఆకుపచ్చ నూలు కలిపి సన్న గళ్లు నేశారనుకోండి. రంగుని బ్లర్ చేస్తే రెండూ కలిసి బురద రంగు వస్తుంది. మరక పోయింది, చీరా పోయింది. రెండు రంగుల నూలు కలనేతలోనూ ఇదే ఇబ్బంది. అలాంటి చీరకి ఎడిటింగ్ మీద ఆశ పెట్టుకోకుండా దగ్గర నుంచి మళ్లీ తీయడమే మేలు.

రంగు పోయినా నీడ పోదు

ఒక్కోసారి రంగు మరకలు పోయాక కూడా చీర మీద లేత నలుపు తెలుపు అలలు మిగిలిపోతాయి. ఇవి మొండివి. వెలుగు నీడల్లో వచ్చిన మ్వారేకి, నిజమైన చీర మడత నీడకి సాఫ్ట్‌వేర్ దృష్టిలో పెద్ద తేడా లేదు. లైట్‌రూమ్‌లో అక్కడ టెక్స్చర్, క్లారిటీ స్లయిడర్లు తగ్గిస్తే కొంత మెత్తబడుతుంది. షార్ప్‌నెస్ పెంచి ఉంటే ముందు అది తగ్గించండి, మ్వారేని అదే ఎత్తి చూపిస్తుంది. అంతకుమించి చేస్తే నేత చచ్చిపోయి చీర ప్లాస్టిక్ కవర్‌లా కనిపిస్తుంది. కొనేవాళ్లు వేలుతో జూమ్ చేసి చూసేదే ఆ నేతని.

చారలు కొలిచి గీసినట్టు క్రమంగా ఉంటే మాత్రం ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అద్భుతంగా పని చేస్తుంది. ఫొటోని ఏ చార ఎంత ఉంది అనే లెక్కలోకి మార్చితే, క్రమంగా వచ్చే చారలన్నీ మెరిసే చుక్కలుగా తేలిపోతాయి. ఆ చుక్కల మీద నల్ల రంగు పూసి వెనక్కి మార్చితే చార పోతుంది, ఫొటో మిగులుతుంది. సైన్స్ వాళ్లు వాడే ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది చేయొచ్చు, రంగు ఫొటో అయితే ఒక్కో చానెల్ విడిగా. మధ్యలో ఉండే పెద్ద చుక్కని మాత్రం ముట్టుకోకండి, మొత్తం ఫొటో వెలుగు అందులోనే ఉంటుంది. కట్టుకున్న చీర మీద ఈ పద్ధతి పెద్దగా పని చేయదు. కుచ్చిళ్లలో, మడతల్లో చారల దూరం చోటు చోటుకీ మారిపోతుంది కాబట్టి చుక్కలు తేలవు, మసకగా పరుచుకుంటాయి.

ఫోరియర్ పద్ధతి నిజంగా మెరిసేది పాత పత్రికల దగ్గర. మీ ఇంట్లో ఎవరైనా తాతయ్య ఫొటో పడిన పాత వారపత్రిక కటింగ్ దాచుకున్నారా? దాన్ని స్కాన్ చేస్తే చారలు వస్తాయి. అచ్చులో ఫొటో అంటే వేల చుక్కలు. రంగు అచ్చులో నాలుగు రంగుల చుక్కల వరసల్ని వేర్వేరు కోణాల్లో, మామూలుగా 15, 75, 0, 45 డిగ్రీల్లో వేస్తారు. అలా వేసేదే వాటిలో వాటికి మ్వారే పుట్టకూడదని. ప్రెస్‌లో వాళ్లు అంత జాగ్రత్త పడ్డాక, మన స్కానర్ ఐదో గళ్ల తెర తెచ్చి మీద వేస్తుంది. అందుకే 600 డీపీఐలో స్కాన్ చేసి, చుక్కలు కరిగేంత కొద్దిగా బ్లర్ చేసి, ఆ తర్వాతే ఫొటో చిన్నది చేయాలి. చాలా స్కానర్ సెట్టింగుల్లో డీస్క్రీన్ అని ఉండేది ఈ పని కోసమే.

ఏఐకి ఇచ్చేస్తే పోలా?

ఇవ్వొచ్చు. 2018లో పరిశోధకులు లక్షకు పైగా ఫొటోల్ని స్క్రీన్ల మీద చూపించి, ఫోన్లతో మళ్లీ ఫొటోలు తీసి, మ్వారే ఉన్నదీ లేనిదీ జంటలుగా పేర్చి న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పించారు. ఆ తర్వాత 4కె సైజు ఫొటోలకి కూడా డేటాసెట్లు, మోడళ్లు వచ్చాయి. స్క్రీన్ ఫొటోల మీద ఫలితాలు నిజంగా బాగుంటాయి.

బట్టల దగ్గర నాకు అంత నమ్మకం లేదు. మ్వారే వచ్చిన చోట అసలు నేత సమాచారం ఫైలులో చాలావరకు లేదు. మోడల్ అక్కడ పెట్టేది తను ఊహించిన నేత. మీ సెల్ఫీలో చొక్కా అయితే ఎవరికీ నష్టం లేదు. అమ్మకానికి పెట్టిన చీర మీద లేని గళ్లు గీసి పంపితే మాత్రం కొన్నవాళ్లకి వేరే చీర చూపించినట్టే. పిన్ని ఫొటోల్లో అందుకే నేను ఏఐ వాడను. మొత్తం చీర ఒక ఫొటో, నేత తెలిసేలా దగ్గర నుంచి ఒకటి, అంచు ఒకటి తీస్తాం. మొత్తం చీర ఫొటోని మాత్రం ఒకే చోట నిలబడి కాదు, ఒక్కో అడుగు జరుగుతూ నాలుగైదు తీస్తాం, ఫోన్‌ని ఒకట్రెండు సార్లు కొద్దిగా ఏటవాలుగా తిప్పుతూ. వాటిలో కనీసం ఒకటి శుభ్రంగా వస్తుంది.

తీయకుండా ఉంచాల్సిన మ్వారే కూడా ఉంది. ఎదురుగా మనిషే ఉన్నాడా, లేక ఎవరిదో ఫొటోని ఇంకో ఫోన్ స్క్రీన్ మీద పెట్టి కెమెరాకి చూపిస్తున్నారా అని పట్టుకోవడానికి పరిశోధకులు ఈ చారల్నే ఆధారంగా వాడుకున్నారు. మనిషి ముఖం మీద గళ్లు ఉండవు, స్క్రీన్ మీద ఉంటాయి కదా.

ఇక అంతా శుభ్రం చేశాక ఫొటోని చిన్నది చేసేటప్పుడు మళ్లీ దెబ్బ తగలొచ్చు. 4000 పిక్సెళ్లని 1000కి తగ్గించడమంటే మళ్లీ శాంపిల్ చేయడమే. నాలుగింట్లో మూడు పిక్సెళ్లు పారేసి ఒకటి ఉంచుకునే నియరెస్ట్ నైబర్ పద్ధతి వాడితే తీసేసిన మ్వారే తిరిగొస్తుంది. చుట్టుపక్కల పిక్సెళ్ల సగటు తీసుకునే పద్ధతి వాడాలి. ఓపెన్‌సీవీలో అయితే ఇంటర్ ఏరియా, ఫొటో ఎడిటర్లలో అయితే బైక్యూబిక్ లేదా లాంక్జోస్. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోని తనే కుదిస్తుంది కాబట్టి, గ్రూపులో పెట్టే ముందు హెచ్‌డీ ఆప్షన్ నొక్కి ఇంట్లో ఇంకో ఫోన్‌కి పంపి చూసుకోండి. మేము బాబాయి ఫోన్‌కి పంపుతాం. ఆయన గ్యాలరీ నిండా ఇప్పుడు చీరలే.